సురంగల్‌లో పెన్నేరు పంట

మొన్న ఓ ఆదివారం మా ఆఫీసులో పనిచేసే ఒకమ్మాయి కొత్తింటికి పిలిస్తే, మొయినాబాద్ దాటి సురంగల్ వైపు వెళ్లాను. పెద్ద గేటు, గేటు దగ్గర పేరడిగి గానీ లోపలికి వదలని కాపలా మనిషి, లోపల వరసగా ఒకే రంగు ఇళ్లు. సాయంత్రం మాకు టీ ఇచ్చి, ఆ అమ్మాయి భర్త మాత్రం వేడిపాలలో ఏదో పొడి కలుపుకుంటూ వచ్చి కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం అతనిది. "నిద్ర పట్టట్లేదండీ. ఎప్పుడూ కాల్సే. ఇది తాగితే కాస్త కునుకొస్తోంది" అన్నాడు. గ్లాసు నా ముందు నుంచి వెళ్లేసరికి వాసన తగిలింది. మట్టి, ఎండుగడ్డి, గుర్రం ఒంటి చెమట కలిసిన వాసన. అశ్వగంధ. మా వైపు పెన్నేరు గడ్డ అంటాం. ఉద్యోగరీత్యా ఆ వాసన నాకు కొత్తేం కాదు, మందుల కంపెనీకి మూలికలు కొనిపెట్టడమే నా పని. గోదాములో రోజూ పీలుస్తాను, ఏమీ అనిపించదు. కానీ వాళ్ల కిటికీలోంచి కనిపించే ప్రహరీ గోడకి అవతల, ఇప్పుడు పిల్లల ఉయ్యాలలున్న చోట, ఒకప్పుడు మా బాపు చెలక, అంటే మా నాన్న మెట్ట పొలం, ఉండేది. ఆ చెలకలో పండించింది ఈ గడ్డే. "చాలా మంచిదటండీ, మీరూ వాడండి" అని ఆ అబ్బాయి డబ్బా నా చేతికిచ్చాడు. నాకు నోరెక్కువని ఆఫీసంతా అంటుంది. ఆ రోజు మాత్రం డబ్బా అతని చేతికే తిరిగిచ్చి, చెప్పులేసుకుని బయటపడ్డాను.

ఆ చెలకలో పెన్నేరు వేయించిన సుగుణ మేడంని మీరెవరూ చూసి ఉండరు. పేపర్లో ఫోటో పడిన మనిషి కాదు. పొట్టిగా, చామనఛాయగా, నూలు చీర మడమలకి పైన కట్టి, మగవాళ్ల తోలు చెప్పులేసుకుని టకటకా నడిచేది. ముక్కు మీదే కోపం. చేవెళ్లలో పుట్టింది. వాళ్లది భూములున్న ఇల్లు, అన్నలిద్దరూ రాజకీయాల్లో తిరిగేవారు. ఈమె మాత్రం వ్యవసాయం చదువు చదివి, సిటీలో ఓ మందుల కంపెనీలో చేరింది. మూలికల నాణ్యత చూడటం ఆమె పని. చూసీ చూసీ విసుగొచ్చి, "వచ్చిన మాల్‌కు వంకలు పెట్టుకుంట కూసునే కంటే మనమే పండించుకుంటె పోదా?" అని పైవాళ్ల వెంటపడింది. వాళ్లు ఒప్పుకునే లోపు ఆమెకి కొంచెం జుట్టు నెరిసిందని తనే చెప్పి నవ్వేది.

ఆమె మా పొలానికి మొదటిసారి వచ్చిన రోజు బాపు క్యారెట్ తీయిస్తున్నాడు. మా దగ్గర దాన్ని గాజర్ అంటాం. గాజర్ తీసే రోజున ఇంట్లో ఎవరికీ కాలు నిలవదు. గడ్డ పీకడం, ఆకు తుంచడం, బోరు దగ్గరి సిమెంటు హౌజులో పోసి నీళ్లలో కాళ్లతో తొక్కి మట్టి వదలగొట్టడం, నిగనిగలాడే గడ్డని తడితడిగానే గోనెల్లో నింపి కుట్టేసి, తెల్లారేసరికి మార్కెట్లో దింపడం. మట్టి గడ్డ తెచ్చిన రైతు వంక మార్కెట్లో ఎవరూ కన్నెత్తి చూడరు. మా బాపు మల్లయ్య గాజర్‌కి ఆ మెరుపు వల్లే పేరు. మేడం హౌజు పక్కన నిలబడి ఒక గడ్డ తీసి కొరికి, "మా నాయినది గూడ గిదే పని అన్నా. హౌజుల దిగి తొక్కి తొక్కి చిన్నప్పుడు నా కాళ్లు నానిపోతుండె" అంది. ఆ ఒక్క మాటతో బాపుకి ఆమె సొంత మనిషైపోయింది.

"నీళ్లు పారని చెలక ఏమన్న ఉన్నదా మల్లన్నా?" అని అడిగింది.

"ఉన్నది గాని, అండ్ల ఏం పండుతది మేడం? అన్ని రాళ్లే."

"నాకు గదే కావాలె."

పెన్నేరు వేద్దామని ఆమె చెబుతుంటే నేను ఊరుకోలేక మధ్యలో దూరాను. అప్పుడే డిగ్రీ పూర్తయింది, బాటనీ చదివానన్న పొగరు. "పెన్నేరు అడవిల ఊర్కెనే దొరుకుతది గద మేడం, పండించుడు ఎందుకు?" అన్నాను. ఆమె నా వైపు తిరిగింది. "దొరుకుతది పిల్లా. ఒక్క గోనెల ఒక గడ్డ ముసలిది, ఒకటి పసిది, ఇంకోటి ఏ చెట్టుదో దేవునికెరుక. నువ్వు గోలీ మింగుతవు, నీకు పనిచేస్తది. అదే గోలీ మీ అవ్వ మింగుతది, ఆమెకు చెయ్యది. ఇగ తప్పు గోలీదా, మీ అవ్వదా?" నేను నా బాటనీ పాఠాల్లో వెతుక్కుంటున్నాను. "రేపటి సంది పనికొస్తవా?" అంది వెంటనే. అడిగినట్టు లేదు, హాజరు వేసినట్టుంది. అలా చేరాను నేను ఆమె దగ్గర.

ఆ రోజుల్లో మెహదీపట్నం బస్సెక్కితే చాలు, పక్క సీట్లో ఎవరో ఒకరు అమీర్‌పేటలో ఏ కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నారో చెప్పేవారు. నా స్నేహితురాళ్లంతా అటే పోయారు. నేనేమో ఎండలో గొడుగు పట్టుకుని మొక్కల మధ్య దూరం కొలుస్తున్నాను. ఏడుపొచ్చేది నిజంగా. ఒకసారి మేడంతోనే అనేశాను: "అందరు కంప్యూటర్ల ముందట ఏసీల కూసున్నరు, నేనిక్కడ మట్టి పిసుకుతున్న." ఆమె కలుపు తీస్తూనే, తల ఎత్తకుండా, "పో. ఎవరొద్దన్నరు? కాని ఈ సాలుల మొక్క లేచింది, పక్క సాలుల లేవలే. ఎందుకు లేవలేదో జర చెప్పి పో" అంది. రోషం కొద్దీ ఆ కారణం వెతకడం మొదలుపెట్టాను. విత్తనం లోతుగా పడిందని తేలడానికి ఓ వారం పట్టింది. అది తేలేసరికి ఇంకో ప్రశ్న తయారుగా ఉంచింది. నేను అమీర్‌పేట వెళ్లనే లేదు.

ఆమె పని పద్ధతి చూస్తే మొదట్లో మా ఊరివాళ్లకి నవ్వొచ్చేది. పెన్నేరు విత్తనం చల్లకూడదు, సాళ్లలోనే వేయాలంటుంది. మొక్కలు ఒత్తుగా వస్తే బతికున్నవాటినే పీకేయమంటుంది. మొదటి ఏడు కొద్ది జాగాలోనే వేసి, కాయ ఎర్రబడ్డాక ఒక్కో మొక్కనీ తవ్వి వేరు చూసింది. చీలకుండా నిటారుగా దిగిన వేరున్న మొక్క దొరికితే, దాని కాయలు మాత్రం కోసి చీర కొంగులో మూటగట్టుకునేది. "వేరు చూడకుంట విత్తనం తీసుకునుడు అంటే, పిల్లను చూడకుంట పెండ్లి చేసుకునుడే" అనేది. మా అవ్వ, అంటే అమ్మ, పకపకా నవ్వి, "మేం గట్లనే చేసుకున్నం గద మేడం" అంటే, "మరి మల్లన్న మంచోడే కాబట్టి బతికిపోయినవ్" అని బాపు ముఖం ఎర్రబడేదాకా ఏడిపించేది. ఆ కాయల విత్తనమే రెండో ఏడు పది ఇళ్లకి సరిపోయింది.

నీళ్ల దగ్గర మాత్రం పెద్ద గొడవైంది. పెన్నేరుకి నీళ్లు ఎక్కువ పెట్టొద్దంది మేడం. ఆకు వాడినా సరే, చావకుండా ఉంటే చాలంది. మా బాపు పుట్టినప్పటి నుంచి కూరగాయలు పండించిన మనిషి. ఆకు తల వాల్చితే ఆయనకి అన్నం దిగదు. ఒకరోజు పొద్దున్నే మేడం చెలకలోకి దిగి, చివరి రెండు సాళ్ల ముందు ఆగిపోయింది. మిగతా చెలకంతా దుమ్ము కొట్టుకుని ఉంటే ఆ రెండు సాళ్లు పచ్చగా కళకళలాడుతున్నాయి.

"వీటికి నీళ్లెవరు తాపిండ్రు?"

బాపు తలగుడ్డ తీసి దులిపి మళ్లీ కట్టుకున్నాడు. "చూడబుద్ధి కాలే మేడం. పిల్లలు దూపకు అల్లాడినట్టు అనిపించింది" అన్నాడు చివరికి. ఆమె అరుస్తుందని నేను కళ్లు మూసుకున్నాను. అరవలేదు. పార తెమ్మంది. పచ్చటి సాలులో ఒక మొక్క, పక్క సాలులో వాడిన మొక్క ఒకటి బాపు చేతే తవ్వించింది. పచ్చటిదాని వేరు పొట్టిగా, పీచు పీచుగా ఉంది. రెండోది సన్నగా, పొడుగ్గా లోపలికి దిగింది. "నీళ్లు పైననే దొరికితె అది కిందికెందుకు దిగుతదన్నా? ఆకులేసుకొని కూసుంటది. మనకు ఆకు కాదు, వేరు కావాలె" అంది. బాపు ఆ రెండు వేర్లూ ఇంటికి తీసుకెళ్లి అందరికీ చూపించాడు. ఆ తర్వాత ఊళ్లో ఎవరైనా చాటుగా నీళ్లు పెడితే ఊరుకోనిది మా బాపే. కొత్తగా మతం పుచ్చుకున్నవాడి హుషారు ఆయనది.

అదే ఏడు మా ఊరి మీద రియల్ ఎస్టేట్ వాళ్లు వాలారు. తెల్ల బట్టలు, నల్ల కళ్లద్దాలు, టీ కొట్టు దగ్గర ఆగే కార్లు. సిటీ అవతల కంప్యూటర్ కంపెనీల మేడలు లేస్తున్నాయి, వాటిల్లో పనిచేసేవాళ్లకి వారం చివర సేద తీరడానికి తోటలు కావాలట. రాళ్ల చెలకలకి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. మా చిన్నాయన అమ్మేద్దామని పట్టుబట్టాడు. "వానలేదు, కూలోళ్లు దొరుకుతలేరు, ఇంకెన్నేండ్లు దేకుతం అన్నా?" అని ఇంట్లో రోజూ పోరు. బాపు మేడం దగ్గరికి వెళ్లి ముఖం మీదే అడిగేశాడు: "ఈ పంట నిలబడుతదా మేడం? నువ్వు నిలబడుతదంటె నేను అమ్మను." కంపెనీ వాళ్లు ఏమన్నారో ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ ఏడాది మాల్ పాసైతే చాలా ఏళ్లకి ఒప్పందం రాసుకుంటారు, వచ్చే ఏడు మొయినాబాద్‌లో ఎండబెట్టే మిషన్ల షెడ్డు వేస్తారు, చుట్టుపక్కల రాళ్ల చెలకలన్నీ పెన్నేరుకే తీసుకుంటారు. పాస్ కాకపోతే ఇక ఈ ముచ్చట ఎత్తొద్దన్నారు. "నా చేతుల ఉన్నంత వరకు నేను చేస్త అన్నా" అంది. బాపు ఇంటికొచ్చి చిన్నాయనతో, "ఈ ఒక్క పంట చూద్దాం తమ్మీ" అన్నాడు. ఊళ్లో మరో తొమ్మిది ఇళ్లవాళ్లు బాపు మాట మీద ఆగారు.

పంట మాత్రం ఆ ఏడు ఎంత బాగా వచ్చిందని! తవ్వే రోజులు దగ్గర పడ్డాక మేడం, నేను నమూనా వేర్లు పట్టుకుని సిటీకి వెళ్లాం. సారం పరీక్ష చేయించడం, గడ్డ ఎండబోయడానికి టార్పాలిన్లు తేవడం, మాల్ పాస్ చేసే కంపెనీ పెద్దాయనని వెంటబెట్టుకు రావడం, అన్నీ ఒకే రోజులో అయిపోతాయనుకున్నాం. పరీక్ష బ్రహ్మాండంగా వచ్చింది. ల్యాబులో కుర్రాడు కాగితం ఇస్తే మేడం దాన్ని చదివి, మళ్లీ చదివి, నా భుజం మీద ఒక్కటి చరిచింది. ఆమె మనల్ని మెచ్చుకోవడమంటే అదే. కానీ పెద్దాయనకి ఇవాళ తీరిక లేదు, రేపు అన్నారు. రేపు అంటే మళ్లీ రేపు. ఈలోగా ఆకాశంలో మబ్బులు పట్టాయి. తడి తగిలితే గడ్డ నేలలోనే కుళ్లుతుందని భయపడి, మేడం మొయినాబాద్‌లో ఫోనున్న కొట్టుకి కబురు పెట్టింది: "తవ్వుడు షురూ చెయ్యమని చెప్పుండ్రి. నేను ఇయ్యాలో రేపో వస్తున్న." తవ్వడం ఎంత లోతు, వేరు చిట్లకుండా ఎలా, మొదలు ఎక్కడ కోయాలి, అన్నీ ముందే నేర్పింది. తర్వాత సంగతి తను దగ్గరుండి చూసుకునేదే కదా అనుకుంది.

మేం పెద్దాయన కారులో ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊరంతా మా షెడ్డు దగ్గరే ఉంది. ఆడవాళ్లు ఉతికిన చీరలు కట్టుకున్నారు, కుర్చీలు వేసి గోలీసోడాలు తెప్పించారు. షెడ్డులో పైకప్పు దాకా గోనెలు. నీటుగా కుట్టి, వరసగా పేర్చి ఉన్నాయి. బాపు ఛాతీ విరుచుకుని ఎదురొచ్చాడు. "చూడుండ్రి సార్, మా మేడం పండించిన మాల్" అని ఒక గోనె కుట్టు తెంపాడు.

లోపలి నుంచి వెచ్చటి ఆవిరి కొట్టింది. పులిసిన వాసన. బాపు చేయి పెట్టి పిడికెడు తీశాడు. తెల్లగా తోమిన వేర్ల మీద నల్లగా, ఆకుపచ్చగా బూజు. ఆయనకి అర్థం కాలేదు. ఇంకో గోనె తెంపాడు. ఇంకోటి. "మంచిగ కడిగినం మేడం. ఒక్కొక్క గడ్డ చేత్తోని తోమినం. మబ్బుందని లోపల పెట్టినం, గంతే" అంటూనే ఇంకో గోనె కుట్టు లాగుతున్నాడు. పెద్దాయన చెడ్డవాడేం కాదు. ఒక వేరు తీసుకుని చూసి మెల్లగా కింద పెట్టాడు. "సారీ మేడం. దీన్ని నేను ఫ్యాక్టరీ లోపలికి తీసుకెళ్లలేను. మందు కదా" అన్నాడు. ఎండబెట్టలేదా అని అడిగితే ఊరివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. షెడ్డు మాట విని, ఎండబెట్టే మిషన్లు కంపెనీ దగ్గర ఉండనే ఉన్నాయనుకున్నారు, మన పని కడిగి పంపడం వరకే కదా! గాజర్ అయితే ఆ రాత్రికే మార్కెట్లో ఉండేది. ఇదేమో ఇవాళ, రేపు అంటూ రోజుల తరబడి షెడ్డులో మగ్గింది.

నాకు తెలిసిన సుగుణ మేడం ఆ రోజు భూమ్యాకాశాలు ఏకం చేయాలి. గొడుగు సరిగా మడవకపోతేనే నా ఏడు తరాలని తిట్టిన మనిషి. ఆమె పెద్దాయనతో, "తప్పు నాది సార్. ఎండబెట్టుమని నేను చెప్పలే. వాళ్లది ఏం లేదు" అని అందరి ముందూ అంది. కారు వెళ్లిపోయాక బోరు దగ్గర హౌజు గోడ మీద కూలబడింది. హౌజు అడుగున ఇంకా ఎర్రమట్టి పేరుకుని ఉంది. బాపు ఆమె ముందు నిలబడ్డాడు. "మట్టితోని ఎట్ల పంపాలె మేడం? ఆ పెద్దసార్ ముందట నీ ఇజ్జత్ పోతదని..." అని ఆగిపోయాడు. ఆమె అప్పుడు ఏడ్చింది. అంతమంది ముందు, చిన్నపిల్లలా. "నేను చేవెళ్ల బిడ్డనన్నా. గీ హౌజుల్లనే పెరిగిన. మీరు కడుగుతరని నాకు తెల్వకుంటె ఇంకెవరికి తెలుస్తది? నాకెట్ల యాదికి రాలే?" అని పదే పదే అదే మాట. బాపు గోనెలు బయటికి లాగడం మొదలుపెట్టాడు. బాగున్నవి ఏమైనా ఉంటాయేమోనని చూశాం. ఏం లేవు.

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా లేదు. కష్టానికని కంపెనీ ఎంతో కొంత ఇచ్చి చేతులు దులుపుకుంది, మళ్లీ అడవి గడ్డే కొనుక్కుంది. ఏడాది తిరిగేసరికి మా రాళ్ల చెలక చిన్నాయన కోరినట్టే పోయింది, దాని వెంట మిగతా ఇళ్లవాళ్లవీ పోయాయి. పెన్నేరు పాసైనా ఆ భూములు నిలిచేవని ఒట్టేసి చెప్పలేను. ఆ కార్ల జోరు అలాంటిది. కానీ కొన్నేళ్లైనా నిలిచేవి. బాపు ఇష్టపడి అమ్మేవాడు, ఓడిపోయి కాదు. నాకు ఇప్పటికీ తీరని బాధ అదే.

నేను మేడంతోనే సిటీకి వెళ్లిపోయాను. ఆమె కిందే ఉద్యోగం, ఆమె తిట్లే భోజనం. ఎంత దగ్గరున్నా, ఒక్క సంగతిలో మాత్రం నా తల ప్రాణం తోకకొచ్చింది. ఊరు వెళ్లొచ్చిన ప్రతిసారీ, "మల్లన్న మంచిగున్నడా?" అని అడిగేది. ఊళ్లో బాపు, "మేడం మంచిగున్నదా?" అనేవాడు. నడుమ నేను. "ఒక్కసారి రాండ్రి మేడం, బాపు మస్తు సంతోషపడతడు" అంటే, "ఏ మొఖం పెట్టుకొని రావాలె? నా మాట నమ్మి ఆగిండు గదా" అనేది. "ఒక్కసారి పోయి చూసొద్దాం బాపూ" అంటే, "ఏ మొఖం పెట్టుకొని పోవాలె? ఆమె ఇన్నేండ్ల కష్టం నేను హౌజుల తొక్కిన" అనేవాడు. నీ మీద కోపం లేదని ఇద్దరికీ ఎన్నిసార్లు చెప్పానో. ఒకరూ నమ్మలేదు. నేను వాళ్ల మనసు ఊరట కోసం చెబుతున్నాననుకున్నారు. చేవెళ్లలో అన్నల ఇంటికి పోయేటప్పుడు మేడం బస్సు మొయినాబాద్ మీదుగానే పోయేది. ఎన్నడూ దిగలేదు. ఇంత మొండి మనుషుల్ని నేనింకెక్కడా చూడలేదు.

మేడం పోయిన రోజు బాపుని నేనే తీసుకెళ్లాను. కామెర్లు ముదిరి, దవాఖానలో కొద్ది రోజులే ఉంది. చేవెళ్లలో వాళ్లింటి ముందు జనం, జెండాలు కట్టిన జీపులు, అన్నల కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. బాపు గేటు దగ్గరే ఆగిపోయాడు. చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్లాను. ఆమె కాళ్ల దగ్గర నిలబడి, "కడిగింది నేనే తల్లీ" అన్నాడు. ఆ మాటేంటో అక్కడున్న ఎవరికీ తెలియదు. ఎవరో పెద్దావిడ, పాపం కాళ్లు కడిగి వచ్చానంటున్నాడనుకుని, "సరే సరే, కూసో పెద్దయ్యా" అంది. నాకు ఏడుపు ఆగలేదు. బతికుండగా ఒక్క బస్సు టికెట్టు దూరంలో చెప్పుకోవాల్సిన మాట అది.

తర్వాత మా కంపెనీలో మూలికల కొనుగోలు నా చేతికొచ్చింది. రాళ్ల నేలలున్న ఊళ్లు వెతికి మళ్లీ పెన్నేరు వేయిద్దామని పైవాళ్లని పోరి పోరి ఒప్పించాను. మేడం కాయల నుంచి వచ్చిన విత్తనం కంపెనీ దగ్గర ఇంకా ఉంది. కొత్త ఊరు మాకు చాలా దూరం, అక్కడివాళ్లు తరతరాలుగా పసుపు పండించేవాళ్లు. మొదటి రోజు అందరినీ కూర్చోబెట్టి, విత్తనం గురించి, నీళ్ల గురించి ఒక్క ముక్క చెప్పకుండా, "గడ్డ తవ్వినంక ముందుగాల మీరేం చేస్తరు?" అని అడిగాను. ఒక రైతు, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసి, "ఏం చేస్తం మేడం? ఉడకబెడతం" అన్నాడు. పక్కనున్నవాళ్లంతా ఔనన్నారు. పసుపు కొమ్ముల్ని ఉడకబెట్టందే ఎండబోయరు వాళ్లు, పసుపుకది పద్ధతి. పెన్నేరు తీసుకెళ్లి కాగులో పోసేవాళ్లన్నమాట! నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ల నీళ్లొచ్చాయి. వాళ్లు కంగారు పడ్డారు. ఉడకబెట్టొద్దని, కడిగితే ఆ పూటే పలచగా ఎండబోయాలని, తవ్విన రోజు నుంచి గోనె కుట్టేదాకా నేను ఇక్కడే ఉంటానని చెప్పాను. ఉన్నాను కూడా. ఆ ఊరి మాల్ మొత్తం పాసైంది. ఇప్పటికీ పండిస్తున్నారు.

ఆ కబురు తెలిసిన రోజు చెప్పుకోవడానికి మేడం లేదు. బాపు దగ్గరికి వెళ్లాను. మా పాత ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఊరు పేరు చెప్పాను, పసుపు సంగతి చెప్పాను, ఉడకబెడతామన్నారని చెబితే బాపు కూడా నవ్వాడు. "నువ్వు ముందుగాల్నే అడిగినవా వాళ్లను?" అన్నాడు. అవునన్నాను. నేల వంక చూస్తూ చేత్తో మోకాలు రాసుకున్నాడు.

"మమ్ముల గూడ అడిగితె చెప్తుంటిమి గద బిడ్డా" అన్నాడు.

కోపంగా అనలేదు. ఇన్నేళ్లలో ఆయన మేడంని అన్న ఒకే ఒక్క మాట అది. నేను మేడం తరఫున ఏదైనా చెప్పాలని చూశాను. కానీ ఆమె ఉన్నా, తలవంచుకుని ఔననేదే. ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా, సంచిలోంచి విత్తనం తీయకముందే ఆ ప్రశ్న అడుగుతాను. జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వింటాను. నాకది చాలా కష్టమైన పని.